తామర, కలువ ఒకే గోలెంలో పెంచవచ్చా? రెండూ ఒకే కుటుంబమేనా?

చీపురుపల్లి_పద్మ:
అందరికీ నమస్కారం. డాబా మీద నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు ఉన్న గుండ్రటి సిమెంటు గోలెం ఖాళీగా ఉంది. పొద్దున్నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఎండ తగులుతుంది. ఒక పక్క తామర, ఇంకో పక్క నీలి కలువ వేద్దామనుకుంటున్నాం. రెండూ ఒకే కుటుంబం కదా, ఒకే మట్టి, ఒకే లోతు, ఒకే ఎరువు సరిపోతాయా?

వృక్షశాస్త్రం_మేస్టారు:
పద్మగారూ, ముందు కుటుంబం సంగతి తేల్చుకుందాం. పెంపకంలో వచ్చే తేడాలన్నీ అక్కడినుంచే మొదలవుతాయి.

1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ తామరను కలువల ప్రజాతిలోనే కలిపి నింఫియా నెలంబో అని పేరు పెట్టాడు. పదేళ్లకు, 1763లో, అడాన్సన్ అనే మరో శాస్త్రవేత్త దాన్ని నెలంబో అని విడగొట్టాడు. అయినా ఆ తరువాత చాలాకాలం రెండింటినీ ఒకే కుటుంబంలోనో, పక్కపక్క కుటుంబాల్లోనో పెడుతూ వచ్చారు. డీఎన్‌ఏ పోలికలు వచ్చాక లెక్క మారింది. 1998లో వచ్చిన కొత్త వర్గీకరణలో తామర ప్రోటియేలిస్ అనే క్రమంలోకి (క్రమం అంటే కొన్ని కుటుంబాల గుంపు) వెళ్లింది. ఆ క్రమంలో దాని చుట్టాలు కశ్మీరు చినార్ చెట్టు, మకడేమియా కాయల చెట్టు, అరకు కాఫీ తోటల్లో నీడ కోసం వేసే సిల్వర్ ఓక్. నీటిలో బతికేది వాటిలో తామర ఒక్కటే.

కలువ దారి వేరు. పూల మొక్కల వంశంలో మొట్టమొదట విడిపోయిన కొమ్మ న్యూ కాలెడోనియా దీవిలో పెరిగే ఆంబొరెల్లా. దాని వెంటనే విడిపోయిన కొమ్మ కలువలది. వరి, జీడిమామిడి, తామర వంటివన్నీ ఆ తరువాత మిగిలిన పెద్ద కొమ్మలోంచి వచ్చాయి. అంటే మన మడిలోని వరికి, పలాస తోటల్లోని జీడికి తామర దగ్గరి చుట్టం. కలువ ఈ మూడింటికీ దూరపుదే. ఆ రెండు దారులు చీలి పన్నెండు కోట్ల ఏళ్లు దాటింది. గుండ్రటి ఆకు, పొడవాటి కాడ, లోపల గాలి గొట్టాలు, బురదలో దుంప, ఇవన్నీ చెరువులో బతకడానికి రెండూ విడివిడిగా సంపాదించుకున్నవే.

నాగావళి_ఒడ్డు:
మేస్టారూ, డీఎన్‌ఏ మాట సరే. బడిపిల్లలకు చూపించాలంటే కంటికి కనిపించే రుజువు ఏమైనా ఉందాండీ?

వృక్షశాస్త్రం_మేస్టారు:
ఉంది. బడిలో ఉండే మామూలు సూక్ష్మదర్శిని చాలు. రెండు పూల పుప్పొడి విడివిడి గాజు పలకల మీద వేసి, నీటిచుక్క పెట్టి, 400 రెట్ల దగ్గర చూడమనండి. తామర పుప్పొడి రేణువు మీద మూడు గాడులుంటాయి. మామిడి, జీడి వంటి నిజ ద్విదళ బీజాలన్నీ చేరే పెద్ద గుంపుకు ఆ మూడు ద్వారాల పుప్పొడే గుర్తు. కలువ రేణువుకు ఒకటే గాడి, చుట్టూ కట్టు కట్టినట్టు తిరిగి ఉంటుంది.

సూక్ష్మదర్శిని లేకపోతే పువ్వు మధ్యభాగం చూపించండి. తామరలో రేకుల నడుమ తిరగేసిన శంకువు ఆకారపు బుట్ట ఉంటుంది. దాని పైతలంలో ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క అండకోశం విడిగా కూర్చుని ఉంటుంది. ఒక్కోదానిలో ఒకే గింజ. కలువలో అండకోశాలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఒకే కాయ అవుతాయి. అడ్డంగా కోస్తే గదులు గదులుగా, ఒక్కో గదిలో ఆవగింజకన్నా చిన్నవి బోలెడు గింజలు. గుంటల్లో కూర్చున్న గింజలు, గదుల్లో నిండిన గింజలు: పిల్లలు ఈ తేడాను ఒక్కసారి చూస్తే మరచిపోరు.

ఇంకొక సంగతి. తామర పువ్వు తన వేడి తానే పుట్టించుకుంటుంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ ఉద్యానంలో కొలిచి 1996లో ప్రచురించారు. బయట 10 డిగ్రీల చలి ఉన్నా పువ్వు లోపల 30 డిగ్రీలకు పైనే నిలుస్తుంది. చల్లటి తెల్లవారుజామున సన్నటి థర్మామీటరు రేకుల మధ్య ఆ బుట్టకు ఆనించి పెడితే తేడా తెలుస్తుంది. నీలి కలువలో ఇలాంటి వేడి ఉండదు.

టెక్కలి_గట్టు:
చెరువు గట్టు మీద నిలబడి గుర్తుపట్టే పద్ధతి నేను రాస్తాను. పువ్వు లేనప్పుడే చాలామంది తడబడతారు.

ఆకుకు చీలిక ఉందా చూడండి. కలువ ఆకు కాడ అతికే చోటు నుంచి అంచు దాకా చీలి ఉంటుంది. తామరాకుకు చీలిక ఉండదు, కాడ సరిగ్గా నడిమధ్యలో అతుకుతుంది. తామర లేత ఆకులు కూడా మొదట నీటిమీదే తేలతాయి కాబట్టి "తేలుతోంది, కలువే" అనుకోవద్దు. చీలికే నమ్మదగిన గుర్తు. తామర కాడ మీద చేయి రాస్తే ముళ్లలాంటి గరుకు తగులుతుంది, నీలి కలువ కాడ నున్నగా జారుతుంది. కాడ విరిచి మెల్లగా లాగితే తామరలో సాలెపట్టు లాంటి సన్నటి పోగులు సాగుతాయి. నీటిని మోసే నాళాల గోడల్లో చుట్టలు చుట్టుకుని ఉండే పోగులవి. వాటితోనే మణిపూర్‌లోనూ, బర్మాలోనూ తామర నూలు తీస్తారు.

కలువల్లోనూ మన వైపు కనీసం రెండు రకాలు కలిసి ఉంటాయి. ఆకు అంచు పళ్లు పళ్లుగా ఉండి, అడుగున నూగు ఉంటే తెల్ల కలువ గాని ఎర్ర కలువ గాని. అవి సాయంత్రం విచ్చుకుని మరునాడు ఎండ ముదిరేసరికి ముడుచుకుంటాయి. ఆకు అడుగు నున్నగా ఉంటే నీలి కలువ. అది పగటి పువ్వు. కవులు చంద్రుడికి కట్టబెట్టినది తెల్ల కలువ, ఎర్ర కలువల విషయంలో నిజమే, నీలిదాని విషయంలో కాదు.

ఒక జాగ్రత్త. అచ్చం బుల్లి కలువాకులా చీలిక ఉన్న ఆకుతో, అరచేతిలో సగమంత ఉండే మొక్క ఒకటి చెరువుల్లో కనబడుతుంది. తెల్లటి చిన్న పువ్వు, అయిదు రేకులకూ అంచున జూలు. అది నింఫాయిడిస్. కలువా కాదు, తామరా కాదు. పొద్దుతిరుగుడు ఉన్న క్రమానికి చెందినది. దుంప కొనేటప్పుడు ఇది అంటగడతారు.

రాజాం_నీటితోట:
ఇక పద్మగారి గోలెం. రెండింటినీ ఒకే మట్టిలో వేయకండి. తామర పాకే మొక్క. దుంప కొసనుంచి తీగలాంటి కాండం బురదలో అడ్డంగా పరిగెడుతూ కణుపు కణుపుకూ ఆకు వేస్తుంది. ఒక వేసవిలోనే గోలెం అడుగంతా చుట్టేసి, పైన ఆకులతో నీడ కప్పేస్తుంది. కలువ ఉన్నచోటే నిలిచి, ఆకులు నీటిమీద పరచుకుని ఎండ తాగే మొక్క. నీడ పడితే ఆకులు చిన్నబోయి, మొగ్గలు నీటిలోనే కుళ్లుతాయి. మధ్యలో ఇటుక గోడ పెడితే చాలదా అని అడుగుతారు. చాలదు. సందు దొరికితే తామర తీగ దూరుతుంది.

ఇలాగ చేయండి. గోలెంలో మట్టి వేయకుండా నీళ్లే 50 సెంటీమీటర్లు ఉంచండి. తామరకు అడుగున చిల్లులేని గుండ్రటి టబ్బు, 50-60 సెంటీమీటర్ల వెడల్పు, 40 లోతు. దాన్ని రెండు వరసల ఇటుకల మీద, అంటే సుమారు 15 సెంటీమీటర్ల ఎత్తున కూర్చోబెడితే టబ్బు అంచు గోలెం నీటికన్నా 5 సెంటీమీటర్లు పైకి ఉంటుంది. అంచు పైకి ఉండాల్సిందే. అంచు మునిగితే తీగ దాటి బయటికి వస్తుంది. చదరపు టబ్బు వద్దు, తీగ కొస మూలలో ఇరుక్కుని విరుగుతుంది. కొస విరిగితే ఆ తీగ ఎదుగుదల ఆగినట్టే. కలువకు 30 వెడల్పు, 20 లోతు కుండీ, గోలెం అడుగునే. దాని మీద 30 సెంటీమీటర్ల నీళ్లు నిలుస్తాయి. పిల్లమొక్క అయితే మొదట ఇటుకల మీద ఎత్తి 15 సెంటీమీటర్ల నీళ్లు ఉంచి, ఆకులు పెరిగేకొద్దీ దించండి.

డాబా అన్నారు కాబట్టి బరువు చూసుకోండి. నాలుగడుగుల గోలెంలో 50 సెంటీమీటర్ల నీళ్లంటే నీళ్లే సుమారు 580 కిలోలు. గోలెం, మట్టి బరువు అదనం. శ్లాబు మధ్యలో పెట్టకుండా, కింద గోడో దూలమో ఉన్నచోట పెట్టాలి. పాత శ్లాబయితే ఇంజనీరుకు చూపించండి, లేదా నేలమీదే పెట్టండి.

బొబ్బిలి_గత్తం:
మట్టి ఏటి వాడాలో చెప్పండి. మా ఎర్రమట్టి పనికొస్తుందా?

రాజాం_నీటితోట:
ఎర్ర గరప నేల మట్టి ఒక్కటే వేస్తే తడికి వదులై, తామర తీగకు పట్టు దొరకదు, మొక్క దుంపతో సహా పైకి తేలుతుంది. చెరువు బంకమట్టి తెచ్చి, ఎండబెట్టి, చితక్కొట్టి, గులకరాళ్లు, వేర్లు ఏరేయండి. అది మూడు పాళ్లు, ఎర్రమట్టి ఒక పాలు చాలు. కొబ్బరి పీచు పొడి, కుండీల మట్టిమిశ్రమం ససేమిరా వద్దు, తేలి నీటిని నల్లగా చేస్తాయి.

గత్తం (పశువుల ఎరువు) విషయం జాగ్రత్త. పూర్తిగా మాగి, వాసన లేనిదే వాడాలి. పచ్చి పేడ నీటి అడుగున గాలి లేకుండా పులిసి వాయువులు పుట్టిస్తుంది. లేత వేరు మొదట గోధుమ రంగుకు తిరిగి, తరువాత దుంప మెత్తబడుతుంది. నీటిలో బుడగలు, కుళ్లిన గుడ్డు వాసన వస్తే అదే కారణం. టబ్బు అడుగున రెండు గుప్పెళ్లు మాగిన గత్తం, గుప్పెడు ఎముకల పొడి, దానిమీద 15 సెంటీమీటర్ల బంకమట్టి. ఇంతే.

నాటడంలో రెండూ వేరు. తామర దుంపను అడ్డంగా పడుకోబెట్టి, మొలక కొస టబ్బు మధ్యకు చూసేటట్టు, కొస కొంచెం పైకి ఉండేటట్టు, మిగతాది అయిదు సెంటీమీటర్ల మట్టిలో కప్పాలి. పైన చిన్న రాయి బరువు పెట్టండి. మొదటి మూడు వారాలు మట్టిమీద నీళ్లు 5-10 సెంటీమీటర్లు దాటనివ్వకండి, ఎండకు నీరు త్వరగా వెచ్చబడాలి. కలువ దుంపను నిలువుగా, మొలక వచ్చే తల సరిగ్గా మట్టి మట్టానికి ఉండేటట్టు నాటాలి. తల మట్టిలో కూరుకుపోతే కుళ్లుతుంది. కలువ చనిపోవడానికి ఇదే పెద్ద కారణం.

ఎరువు: తామర మొదట తేలే ఆకులు వేస్తుంది, తరువాతే నిలబడే ఆకులు. నిలబడే ఆకులు మూడు నాలుగు వచ్చేదాకా ఏమీ వేయకండి. ఆ తరువాత 20 రోజులకోసారి 5 గ్రాముల డీఏపీ (డైఅమోనియం ఫాస్ఫేట్) ఎరువు కాగితంలో చుట్టి, టబ్బు అంచు దగ్గర వేలు లోతు బురదలో దిగనొక్కాలి. దుంపకు తగిలితే మాడుతుంది. నీటిలో చల్లితే మొక్కకు చేరేలోపు నాచు తాగేస్తుంది. కలువ కుండీకి నెలకోసారి 5 గ్రాములు సరిపోతుంది.

గంట్యాడ_రైతు:
ఇంటి గోలెం కాదు, ఊరి చెరువు గురించి అడుగుతున్నాను. తామర చెరువంతా కమ్మేసింది, చేపలు పట్టేవాళ్లకు వల పడటం లేదు. మందు కొట్టకుండా తగ్గించే దారి ఉందాండీ?

వృక్షశాస్త్రం_మేస్టారు:
ఉంది. దానికి ముందు తామర గాలి ఎలా పీలుస్తుందో చెప్పాలి.

చెరువు బురదలో ప్రాణవాయువు దాదాపు ఉండదు. దుంప బతకాలంటే ఆకునుంచి గాలి దిగాలి. తామర కాడ అడ్డంగా కోస్తే రెండు పెద్దవి, రెండు చిన్నవి గాలి గొట్టాలు కనిపిస్తాయి. అవి దుంప దాకా తెగకుండా వెళతాయి. ఎండకు ఆకు వెచ్చబడితే లోపల ఒత్తిడి పెరిగి గాలి కిందికి తోసుకుపోతుంది. దుంపలో తిరిగి, ఆకు నడిమధ్య తెల్లటి మచ్చలా కనిపించే భాగంలోంచి బయటికి వస్తుంది. ఆ మచ్చ దగ్గర కాస్త నీళ్లు నిలిచి ఉంటే ఎండపూట బుడగలు రావడం చూడవచ్చు. కలువ జాతి మొక్కల్లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది, కానీ అక్కడ లేత ఆకులు గాలిని లోపలికి తీసుకుంటే ముదురు ఆకులు బయటికి వదులుతాయి.

కాబట్టి తామర కాడను నీటి మట్టానికి దిగువన కోస్తే ఏమవుతుంది? గొట్టంలోకి నీరు దిగి దుంప దాకా పోతుంది. గాలి అందక దుంప కుళ్లుతుంది. మీ చెరువుకు అదే మందు. నీరు నిండుగా ఉన్నప్పుడు, పడవలోంచి పొడవాటి కర్రకు కట్టిన కొడవలితో, నీటి మట్టానికి ఒక అడుగు దిగువన కోయించండి. ఒక్క కోతతో పోదు, దుంపలో దాచిన పిండితో కొత్త ఆకులు వేస్తుంది. అవి నీటి పైకి లేవకముందే మళ్లీ కోయాలి. ఇలా వెంటవెంటనే మూడు నాలుగు కోతలు పడితే దుంప వట్టిపోతుంది. కోసిన ఆకులు చెరువులో వదలకండి. కుళ్లితే నీటిలో ప్రాణవాయువు పడిపోయి చేపలు తేలతాయి. పూర్తిగా తీసేయడం కూడా వద్దు. మూడో వంతు ఒక మూలన ఉంచితే చేపపిల్లలకు నీడ, ఊరికి పువ్వులు.

ఇంటి టబ్బులో ఇదే తలకిందులు. పండిన ఆకు, వాడిన పువ్వు కోసేటప్పుడు నీటికి పైన నాలుగు వేళ్ల కాడ వదిలి కోయండి.

టెక్కలి_గట్టు:
దీనికి తోడు తుపాను వానల సంగతి. తామర నిలబడే ఆకులన్నీ ఒక్కసారిగా మునిగి కొన్ని రోజులు నీటి అడుగునే ఉంటే మొక్క చస్తుంది, కారణం మేస్టారు చెప్పినదే. నీరు మెల్లగా పెరిగితే కాడ సాగి పైకి వస్తుంది. కలువ కాడ ఇంకా త్వరగా సాగుతుంది, అందుకే వానలకు నీటిమట్టం ఎగుడుదిగుడయ్యే చెరువుల్లో కలువే ఎక్కువగా నిలుస్తుంది. గాలి విషయంలోనూ తేడా ఉంది. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ వంటి గాలికి తామరాకులు చిరిగి కాడలు విరుగుతాయి, నీటిమీద పరుచుకున్న కలువాకులకు అంత దెబ్బ తగలదు. తుపాను హెచ్చరిక వస్తే డాబా మీది తామర టబ్బును గోడ వారకు జరపండి. నీళ్లు పొర్లిపోయే దారి ఉందో లేదో కూడా చూసుకోండి.

చీపురుపల్లి_పద్మ:
చాలా ఉపయోగం. పేనుబంక పడితే వేపనూనె కొట్టవచ్చా?

రాజాం_నీటితోట:
తామరకు వద్దు. ఆకు మీద మైనపు నూగు ఉంటుంది, నీరు నిలవకపోవడం దానివల్లే. 1997లో బార్త్‌లాట్, నైన్‌హౌస్ అనే శాస్త్రవేత్తలు దీన్ని వివరంగా రాశారు: సూక్ష్మమైన బొడిపెలు, వాటిమీద మైనపు పలుకులు, వాటి కొసల మీదే నీటిబొట్టు నిలిచి దుమ్ముతో సహా జారిపోతుంది. మందు నీళ్లూ అలాగే జారిపోతాయి. నిలవాలని సబ్బు కలిపితే ఆ మైనం చెడి, ఆకు తడిసి, ఎండకు మచ్చలు పడుతుంది. సబ్బు నీరు గోలెంలోని చేపలకూ హాని. పొద్దున్నే గొట్టంతో గట్టిగా నీళ్లు కొట్టి పేనును నీటిలో పడేయండి, గప్పీ చేపలు తినేస్తాయి. కలువాకుల మీద ఉంటే ఆకును చేత్తో నీటిలో ముంచి ఆడించండి. కలువాకు అంచుల్లో గుండ్రటి ముక్కలు తెగి, రెండు ముక్కలు అతికించిన సంచి తేలుతుంటే లోపల పురుగుంటుంది. ఏరి పారేయడమే. గడ్డిచేప మాత్రం గోలెంలో వేయకండి, లేత మొలకలన్నీ మేసేస్తుంది.

నాగావళి_ఒడ్డు:
కిరాణా కొట్లో "తామర గింజలు" అని అమ్మే తెల్లటి పేలాలు నాటితే మొలుస్తాయా?

వృక్షశాస్త్రం_మేస్టారు:
మొలవవు, అవి వేయించి పేల్చినవి. పైగా అవి తామరవి కావు. మఖానా అనే ఆ పేలాలు యురియేల్ ఫెరాక్స్ మొక్కవి. బీహారులోని మిథిల వైపు చెరువుల్లో పండిస్తారు. ఆకు నిండా ముళ్లుండే ఆ మొక్క కలువ కుటుంబానిది.

అసలు తామర గింజ నల్లగా, రాయిలా ఉంటుంది. ఆ పెంకు వల్లే ఎంతకాలమైనా బతుకుతుంది. చైనాలో ఎండిన చెరువు అడుగున దొరికిన సుమారు 1300 ఏళ్ల నాటి గింజ మొలకెత్తిందని 1995లో ప్రచురించారు. మొలిపించాలంటే పెంకు అరగదీయాలి. ఒక కొసన సన్నటి మొన, రెండో కొసన చిన్న గుంట ఉంటాయి. గుంట ఉన్న కొసనే గరుకు కాగితం మీద రుద్ది, లోపలి లేత రంగు కనబడగానే ఆపండి. గాజు గ్లాసులో నీళ్లు పోసి వెచ్చటిచోట పెట్టి, రోజూ నీళ్లు మార్చాలి. వారంలోపు పచ్చటి మొలక వస్తుంది. నీరు పాలలా తెల్లబడి వాసన వస్తే గింజ కుళ్లినట్టే, తీసేయండి. గింజనుంచి వచ్చిన మొక్క పువ్వు తల్లిలాగే ఉంటుందన్న హామీ లేదు. రంగు ఖచ్చితంగా కావాలంటే దుంపే కొనాలి.

కలువ గింజల పని వేరు. పువ్వు వాడాక కాడ వంగి కాయను నీటి అడుగుకు తీసుకుపోతుంది, అక్కడే పండి పగులుతుంది. గింజలకు తెప్పలా తేలే పొర ఉంటుంది. కొంతసేపు తేలి, ఆ పొర కరిగాక మునుగుతాయి. కావాలంటే పువ్వు మునగకముందే పల్చటి గుడ్డసంచి కట్టేయండి.

చీపురుపల్లి_పద్మ:
చివరి ప్రశ్న. ఇప్పుడు నవంబరు. దుంప ఇప్పుడు కొంటే వేయవచ్చా, లేక ఆగాలా?

రాజాం_నీటితోట:
తామరకు ఆగండి. పగలు తగ్గేకొద్దీ దాని ఆకులు పసుపుబారి, తిండి దుంపలోకి దిగి నిద్రపోతుంది. ఇప్పుడు తవ్వి కదిలిస్తే పూర్తిగా ఊరని దుంప దొరుకుతుంది, చలికి కుళ్లుతుంది. రథసప్తమి వెళ్లాక ఎండ చురుకు తేలినప్పుడు, కనీసం రెండు కణుపులూ, దెబ్బతినని మొలక కొసా ఉన్న దుంప తీసుకోండి. నొక్కితే గట్టిగా ఉండాలి. తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుని ఆ రోజే నాటండి. నీలి కలువ మొక్కను ఆకులతో సహా ఇప్పుడే వేయవచ్చు, మన వైపు చలికి పూత తగ్గుతుందేగాని చావదు. ఈలోగా కొత్త సిమెంటు గోలెం అయితే నీళ్లు నింపి వారానికోసారి పారబోస్తూ నాలుగు వారాలు నానబెట్టండి. సిమెంటు సున్నం పోకపోతే రెండు మొక్కల వేర్లూ మాడతాయి.